ఊరు, దవాఖాన, కాలేజీ కలిసి చేసే ఆరోగ్య పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్ నుంచి ఆసిఫాబాద్ దాకా ఊళ్లలో ఆరోగ్య సర్వేలు జరుగుతూనే ఉంటాయి. వాటికి తిరిగే విద్యార్థులు, తోడు వెళ్లే ఆశాలు, ఊరి తరఫున సంతకం పెట్టే సర్పంచులు, రక్తం ఇచ్చే రైతులు, కూలీలు అడిగే సందేహాలు దాదాపు ఒక్కటే. వాటిని పని జరిగే వరుసలో ఇక్కడ పెట్టాం. ఎవరికి ఏది కావాలో అది చదువుకోవచ్చు.

## మొదలుపెట్టక ముందు

కలిసి చేసే పరిశోధన అంటే ఏంది? డాక్టర్లు వచ్చి సర్వే చేస్తే సరిపోదా?

పత్తికి పురుగుమందు కొట్టి వచ్చి, వాంతులతో దవాఖానలో పడ్డ మనిషిని తీసుకోండి. డాక్టరుకు కనిపించేది ఒంట్లోకి చేరిన విషం. ఏ మందులో ఏ రసాయనం ఉందో, దాన్ని ఇంకో మందుతో కలిపితే ఏమవుతుందో వ్యవసాయ శాస్త్రవేత్తకు తెలుసు. పంపు ఎక్కడ కారుతుందో, నాజిల్ ఎంత సన్నటి తుంపర కొడుతుందో ఇంజినీరుకు తెలుసు. డబ్బా మూత తీసి చిక్కటి మందును బకెట్లో కలిపేది చాలా ఇళ్లలో భార్యేనన్న సంగతి ఊళ్లో వాళ్లకే తెలుసు. చేతులకు మందు ఎక్కువగా అంటేది ఆ కలిపేటప్పుడే. వీళ్లలో ఏ ఒక్కరు విడిగా వెళ్లినా సగమే చూసి వస్తారు. మన ఆదిలాబాద్‌ను ఆనుకునే ఉన్న యవత్మాల్‌లో 2017లో మందు కొడుతూ పీల్చి ఇరవై మందికి పైగా చనిపోయారు. అక్కడ కారణాల్లో మందుల కలయిక, మనిషిని మించి ఎదిగిన పత్తి, ఒంటి మీద సరైన రక్షణ లేకపోవడం అన్నీ కలిసి ఉన్నాయి. ఒక్క శాఖకు అందే సమస్య కాదది.

ఇట్ల కలిసి చేస్తే నిజంగ ఏమన్న మారిందా, లేకుంటే పేపర్లకేనా?

మారింది. అందుకు మూడు పనులు చూడండి. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే వచ్చేది గడ్చిరోలి జిల్లా. అక్కడ డాక్టర్లు అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డను ఇంట్లోనే చూసుకునే పద్ధతిని పరీక్షించారు. 39 ఊళ్లలో ఈ పద్ధతి పెట్టి, 47 ఊళ్లతో పోల్చి చూశారు. 1999లో ఫలితం అచ్చయింది: నెల లోపు బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయి. ఇవాళ ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తుంది కదా, దాని మూలం అక్కడుంది. 2011లో దాన్ని దేశమంతటా పెట్టారు.

రెండోది పాతది. 1956లో మద్రాసులో మొదలైన క్షయ పరిశోధన. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి చేశాయి. రోగిని శానటోరియంలో పెట్టకుండా ఇంట్లోనే ఉంచి మందులిస్తే నయమవుతుందా, ఇంట్లో వాళ్లకు జబ్బు ఎక్కువగా అంటుతుందా అన్నది ప్రశ్న. ఇంట్లో ఉన్నా అంతే బాగా నయమైంది, ఇంట్లో వాళ్లకు ముప్పు పెరగలేదు. క్షయ రోగిని ఊరికి దూరంగా ఏళ్ల తరబడి పెట్టే పద్ధతి దానితోనే సడలింది.

మూడోది నిన్నమొన్నటిది. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 2019 నుంచి 2022 వరకు 2,800 మంది క్షయ రోగుల ఇళ్లలో పదివేల మందికి పైగా కుటుంబ సభ్యులను చూశారు. రోగులందరికీ నెలనెలా సరుకులు అందాయి. కొన్ని చోట్ల వాళ్ల ఇంట్లో వాళ్లకు కూడా బియ్యం, పప్పు ఇచ్చారు. అలా తిండి అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం దాదాపు 39 శాతం తగ్గింది. మంగళూరు వైద్య కళాశాల, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ, జార్ఖండ్ క్షయ విభాగం కలవకపోతే అంతమందికి నెలనెలా సరుకులు చేర్చడమే కుదిరేది కాదు.

మా ఊరి సమస్య మేమే చెప్తే పరిశోధన చేస్తరా? ఎవర్ని అడగాలె?

చేస్తారు, అడిగే తీరులో అడిగితే. జబ్బు సంగతైతే కాకతీయ వైద్య కళాశాలలోని కమ్యూనిటీ మెడిసిన్ విభాగం, పంట, మందుల సంగతైతే వరంగల్‌లోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, నీళ్లు, పరికరాల సంగతైతే వరంగల్ ఎన్ఐటీ, సమాజం, చదువు, వలసల సంగతైతే కాకతీయ విశ్వవిద్యాలయం. వైద్య కళాశాల, ఎన్ఐటీ రెండూ 1959లోనే, ఒకే ఊళ్లో పుట్టాయి. ఒకే సమస్య మీద ఆ రెండింటికీ ఒకే ఉత్తరం రాయడంలో తప్పేమీ లేదు, రాయాలి కూడా.

ఉత్తరం ఒక పేజీ దాటొద్దు. ఏం జరుగుతోంది, ఏ వాడలో, ఎంతమందికి, ఎప్పటి నుంచి, ఏ నెలల్లో ఎక్కువ, ఇప్పటిదాకా ఎవరికి చెప్పారు, ఊళ్లో ఎవర్ని కలవాలి. "మా ఊళ్లో అందరికీ కీళ్ల నొప్పులు" అని రాస్తే పక్కన పెడతారు. "తూర్పు వాడలో ఫలానా బోరు నీళ్లు తాగే ఇరవై ఇళ్లలో పిల్లల పళ్లు గారకట్టాయి, పడమటి వాడలో లేవు" అని రాస్తే చదివినవాళ్లు లేచి వస్తారు. ఇంకో మాట: పీజీ వైద్య విద్యార్థులు మొదటి ఏడాదిలోనే థీసిస్ అంశం తేల్చుకోవాలి. వాళ్లు చేరిన కొత్తలోనే మీ ఉత్తరం చేరితే మంచిది.

సమస్య ఉంది, దాన్ని పరిశోధన ప్రశ్నగ ఎట్ల మార్చాలె?

ఎవరిలో, ఏది, దేనితో పోల్చి, ఎంత కాలంలో: ఈ నాలుగూ ఒక వాక్యంలో ఇమడాలి. "పురుగుమందులతో ఆరోగ్యం పాడవుతుందా" అన్నది బాధ, ప్రశ్న కాదు. "ఆగస్టు నుంచి అక్టోబరు వరకు సొంతంగా మందు కొట్టే 18–60 ఏళ్ల పత్తి రైతుల్లో, అవే చేలల్లో కలుపు తీసే, మందు కొట్టని కూలీలతో పోలిస్తే, రక్తంలో కోలిన్‌ఎస్టరేజ్ (కొన్ని పురుగుమందులు అణచేసే ఎంజైము) ఎంత తగ్గుతుంది" అన్నది ప్రశ్న. రాసిన ప్రశ్నను ఊళ్లో నలుగురికి వినిపించండి. "అది కాదు సార్, మా బాధ నిద్ర పట్టకపోవడం" అని వాళ్లు అంటే ప్రశ్న మార్చాల్సింది మీరే.

ఎంతమందిని చూడాలె? ఊరంతటినీ చూడాల్నా?

ఒక సమస్య ఎంత శాతం మందికి ఉందో తెలుసుకోవాలంటే, ముందస్తు అంచనా ఏమీ లేనప్పుడు 50 శాతం అనుకుని, 5 శాతం అటూ ఇటూ తేడాకు ఒప్పుకుంటే 384 మంది చాలు. ఊరు చిన్నదైతే ఇంకా తగ్గుతుంది: 1,200 మంది పెద్దలున్న ఊళ్లో 291 మంది సరిపోతారు.

లెక్క తప్పేది పలు ఊళ్లకు వెళ్లినప్పుడు. ఒకే ఊరి వాళ్లు ఒకే నీళ్లు తాగుతారు, ఒకే దుకాణంలో మందు కొంటారు, కాబట్టి వాళ్ల జవాబులూ ఒకేలా ఉంటాయి. అందుకని సంఖ్యను సాధారణంగా రెట్టింపు చేస్తారు, 768. పదిలో ఒకరు ఇంట్లో దొరకరు, వద్దంటారు అనుకుంటే 854. పది పెద్ద ఊళ్ల కంటే ముప్పై ఊళ్లలో కొద్దికొద్దిమందిని చూడటం మేలు. తిరుగుడు ఖర్చు పెరుగుతుంది గానీ ఫలితం నిలబడుతుంది. రెండు గుంపులను పోల్చే పరిశోధనకు ఈ లెక్క పనికిరాదు, దానికి స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లను మొదటి రోజే కూర్చోబెట్టండి. డేటా అంతా పోగుచేశాక వాళ్ల దగ్గరికి వెళ్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

పైసలు, పేరు, డేటా: ఎవరికెంత అని ఎప్పుడు మాట్లాడుకోవాలె?

మొదటి సమావేశంలోనే, కాగితం మీద. పేపర్లో మొదటి పేరు ఎవరిది, ఎవరికి కృతజ్ఞత మాత్రమే, డేటా ఎక్కడ ఉంటుంది, ఎవరైనా మధ్యలో బదిలీ అయితే వాళ్ల వాటా ఏమవుతుంది, ఇవన్నీ రెండు పేజీల ఒప్పందంలో రాయాలి. స్నేహం మీద మొదలైన పనులు ఎక్కువగా చెడేది ఇక్కడే.

బడ్జెట్‌లో మరిచిపోయేవి ఎప్పుడూ ఒకటే: ఆశాకు రోజు భత్యం, ఐస్ ప్యాకులు, జీపు డీజిల్, ప్రశ్నపత్రం రెండోసారి అచ్చు, ఫలితం చెప్పడానికి మళ్లీ ఊళ్లకు వెళ్లే ఖర్చు. ఈ చివరిదానికి మొత్తంలో పదో వంతు ముందే పక్కన పెట్టండి. చివర్లో మిగిలితే చూద్దామనుకుంటే ఎన్నడూ మిగలదు.

## అనుమతులు, సంతకాలు

మేము సూది గుచ్చం, మందియ్యం, ఉత్త ప్రశ్నలే అడుగుతం. ఎథిక్స్ కమిటీ ఎందుకు?

ప్రశ్న కూడా గాయం చేస్తుంది. "మీ ఇంట్లో ఎవరైనా పురుగుమందు తాగారా" అని నలుగురి ముందు అడిగితే ఏమవుతుందో మన జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. 1997–98లో వరంగల్ పత్తి రైతుల చావుల తర్వాత ఆ ప్రశ్న ఇక్కడ మామూలు ప్రశ్న కాదు.

పాల్గొనేవాళ్లకు హాని జరగకుండా పరిశోధనను ముందే పరిశీలించి అనుమతి ఇచ్చేదే ఎథిక్స్ కమిటీ. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం అందులో 7 నుంచి 15 మంది ఉంటారు. అధ్యక్షుడు బయటి వ్యక్తి, సగం మంది ఆ సంస్థకు చెందనివాళ్లు. డాక్టర్లతోపాటు న్యాయం తెలిసినవాళ్లు, సామాజిక శాస్త్రం తెలిసినవాళ్లు, ఒక సామాన్య పౌరుడు ఉండాలి. నిర్ణయానికి కనీసం ఐదుగురు హాజరు కావాలి. ముప్పు తక్కువున్న సర్వేలకు త్వరిత పరిశీలన ఉంటుంది, మొత్తం కమిటీ కూర్చోవాల్సిన పని లేదు. అయితే పని మొదలయ్యాక వెనక్కి తేదీ వేసి అనుమతి ఇవ్వరు. ఊళ్లో మొదటి ప్రశ్న అడగకముందే ఉత్తరం చేతిలో ఉండాలి.

ఎథిక్స్ ఉత్తరం వచ్చింది. ఇంకెవర్ని అడగాలె?

జిల్లా వైద్య ఆరోగ్య అధికారి అనుమతి, ఆ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు సమాచారం, పంచాయతీకి ఉత్తరం. ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ ఏజెన్సీ ఊళ్లయితే ఏటూరునాగారం లేదా ఉట్నూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) అనుమతి, ఊరి గ్రామసభ మాట. అంగన్‌వాడీ పిల్లలైతే మహిళా శిశు సంక్షేమ శాఖ, బడి పిల్లలైతే విద్యాశాఖ. మందు గానీ, పద్ధతి గానీ పరీక్షించే ట్రయల్ అయితే మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో (దేశంలో జరిగే ట్రయళ్ల జాబితా) నమోదు చేయాలి. నమోదుకు రుసుము లేదు. విదేశీ సంస్థ డబ్బు లేదా విదేశీ భాగస్వామి ఉంటే ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి. దానికి నెలలు పడుతుంది, అన్నిటికంటే ముందు అదే మొదలుపెట్టండి.

సదువు రానోళ్ల దగ్గర సమ్మతి ఎట్ల తీసుకోవాలె?

సమ్మతి పత్రం మొత్తం వాళ్ల భాషలో చదివి వినిపించాలి. పరిశోధనతో సంబంధం లేని, చదువు వచ్చిన ఒక సాక్షి పక్కన ఉండాలి. మనిషి వేలిముద్ర, సాక్షి సంతకం, చదివినవాళ్ల సంతకం, తేదీ. ఒక కాపీ ఆ ఇంట్లో ఉండాలి, అందులో అడగాల్సిన వాళ్ల ఫోను నంబరు ఉండాలి.

వేలిముద్రకు ముందు "నేనేం చెప్పానో నాకు మీరు చెప్పండి" అని అడగండి. "రక్తం తీస్తరట, మందులిస్తరట" అని చెప్తే అర్థం కాలేదన్నమాట, మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఆశానో సర్పంచో "పెట్టు అవ్వా, ఏం కాదు" అంటే వేసిన వేలిముద్ర సమ్మతి కాదు. వాళ్లను గౌరవంగా కాసేపు బయట కూర్చోబెట్టడం నేర్చుకోవాలి.

పిల్లల్ని చేర్చుకోవాలంటే?

18 ఏళ్ల లోపు ఎవరికైనా తల్లి లేదా తండ్రి సమ్మతి తప్పనిసరి. 7 నుంచి 12 ఏళ్ల వాళ్లను నోటితో, ఆపై వయసు వాళ్లను రాతపూర్వకంగా వాళ్ల ఇష్టం కూడా అడగాలి. అమ్మ సరేనన్నా పిల్లవాడు చెయ్యి వెనక్కి లాక్కుంటే రక్తం తీయొద్దు.

పాల్గొంటె పైసలిస్తరా? మధ్యల వద్దంటె దవాఖానల చూడరా?

పోయిన కూలి, బస్సు ఛార్జీ ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. ఆశపెట్టి లాగేంత పెద్ద మొత్తం ఇవ్వకూడదు. ఎప్పుడైనా కారణం చెప్పకుండానే మానుకోవచ్చు. దానివల్ల దవాఖానలో వైద్యం, ఆరోగ్యశ్రీ, పింఛను, రేషను ఏదీ ఆగదు. పరిశోధన వల్లే ఏదైనా హాని జరిగితే వైద్యం, పరిహారం పరిశోధకుల బాధ్యత.

## ఊళ్లోకి వెళ్లినప్పుడు

ఏ నెలల పోతే జనం దొరుకుతరు?

ముందు ఊరి పనుల పట్టిక గీసుకోండి. జులైలో నాట్లు. అక్టోబరు నుంచి పత్తి ఏరుడు, పొద్దున ఆరింటికే ఊరు ఖాళీ. బతుకమ్మ, దసరా రోజుల్లో ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు, అప్పుడు ఇంటి జనాభా లెక్క తప్పుతుంది. ఫిబ్రవరి నుంచి మిర్చి ఏరడానికి కుటుంబాలు కుటుంబాలే కదులుతాయి. ఏప్రిల్, మే ఏజెన్సీలో తునికాకు సేకరణ. మేడారం జాతర ఏడాదైతే మాఘమాసంలో చుట్టుపక్కల ఊళ్లలో పనే పెట్టుకోవద్దు.

మనుషులు దొరికే నెలలు వేరు, సమస్య కనిపించే నెలలు వేరు. మందు ప్రభావం చూడాలంటే కొట్టే నెలల్లోనే వెళ్లాలి, అప్పుడు సాయంత్రం ఆరు తర్వాత ఇంటింటికీ తిరగాలి. పదకొండు గంటలకు వెళ్లి ఇంట్లో ఉన్నవాళ్లను రాసుకుంటే, మీ సర్వేలో ముసలివాళ్లు, జబ్బుతో పనికి పోనివాళ్లే ఎక్కువుంటారు. ఆ తప్పును ఏ లెక్కా తర్వాత సరిచేయలేదు.

వయసు అడిగితె అందరు యాభై, అరవై అంటున్నరు. ఏం చేయాలె?

ఆధార్‌లో ఉన్న తేదీ కూడా చాలాసార్లు అంచనాగా రాయించుకున్నదే, జనవరి 1 కనిపిస్తే అనుమానించండి. సంఘటనలతో అడగండి: 1969 ఉద్యమం నాటికి బడికి పోయేవాళ్లా? 1984లో ఇందిరాగాంధీ చనిపోయినప్పుడు పెళ్లయిందా? 1986 గోదావరి పెద్ద వరదప్పుడు చంకలో బిడ్డ ఉందా? ఇలాంటి పది సంఘటనల పట్టికను ఊరి పెద్దలతో కూర్చుని తయారు చేసుకుంటే రెండు మూడేళ్ల తేడాలో వయసు తేలుతుంది.

ఇంట్ల మగాయనే అన్నిటికి జవాబు చెప్తున్నడు

ఇద్దరిని వేర్వేరుగా, ఒకే సమయంలో, ఆడమనిషిని ఆడమనిషే అడగాలి. అందుకని ప్రతి బృందంలో కనీసం ఒక మగ, ఒక ఆడ ఉండాలి. ప్రశ్నలోనే తప్పుంటుంది ఒక్కోసారి. "మీరు మందు కొడతారా" అంటే ఆమె లేదంటుంది, అది నిజమే. "మందు కలిపారా, నీళ్లు మోసి పంపు నింపారా, మందు కొట్టిన బట్టలు ఉతికారా, కొట్టిన రోజే చేనులోకి వెళ్లారా" అని విడివిడిగా అడగండి.

కోయ, గోండి, లంబాడా మాట్లాడే గూడేలల్ల తెలుగు ప్రశ్నపత్రం నడుస్తదా?

నడిచినట్టు కనిపిస్తుంది. మర్యాదకు తలూపుతారు, జవాబు మాత్రం అరకొర. ప్రశ్నలను ఆ భాషలోకి ఒకరు మార్చాలి, అసలు ప్రశ్న చూడని ఇంకొకరు మళ్లీ తెలుగులోకి తేవాలి. రెండు తెలుగులూ కలవని చోట ప్రశ్న తిరగరాయాలి. నీరసం, దిగులు, కళ్లు తిరగడం లాంటి మాటల దగ్గరే ఎక్కువగా తేడా వస్తుంది. తర్వాత సర్వేలో లేని గూడెంలో పది, పదిహేను మందితో ముందు పరీక్ష చేయండి.

బీపీ, హిమోగ్లోబిన్ ఒక్కొక్కరు కొలిస్తె ఒక్కో తీరు వస్తున్నయి

బీపీకి అరగంట ముందు చాయ్, బీడీ ఉండొద్దు. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయాలి. బక్క చేతికి పెద్ద కఫ్ (చేతికి చుట్టే పట్టీ) కడితే బీపీ తక్కువ చూపిస్తుంది, లావు చేతికి చిన్నది కడితే ఎక్కువ. గడపలో నిలబెట్టి కొలిచిన లెక్క పారేయాల్సిందే.

వేలి నుంచి హిమోగ్లోబిన్ చూసేటప్పుడు మొదటి రెండు బొట్లు తుడిచేయాలి, వేలు పిండొద్దు. పిండితే నీరు కలిసి రక్తహీనత ఉన్నట్టు వస్తుంది. హద్దులు: మగవాళ్లకు 13, గర్భిణి కాని ఆడవాళ్లకు 12, గర్భిణికి 11 గ్రాములు, డెసిలీటరుకు. సాయంత్రం షీటు చూసినప్పుడు ఒకరి బీపీలన్నీ 120/80, 130/90 అని సున్నాలతోనే ఉంటే ఆ మనిషికి మర్నాడే మళ్లీ శిక్షణ ఇవ్వండి.

## శాంపిళ్లు, ల్యాబు, లెక్కలు

పురుగుమందు ఒంట్లకు ఎంత పోయిందో తెల్వాలంటె ఏ పరీక్ష, ఎప్పుడు?

ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ఎసిఫేట్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు రక్తంలో కోలిన్‌ఎస్టరేజ్ అనే ఎంజైమును అణచేస్తాయి. దాన్ని కొలుస్తారు. కానీ ఈ ఎంజైము మామూలుగానే మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది. అందుకే మందు కొట్టడం మొదలుకాకముందు, మే, జూన్‌లో ఒకసారి కొలిచి పెట్టుకోవాలి. సెప్టెంబరులో వచ్చిన అంకెను అదే మనిషి జూన్ అంకెతో పోల్చాలి. సొంత అంకెలో 20 శాతం తగ్గితే పని పద్ధతి చూడాలి, ఎర్ర రక్తకణాల్లోని ఎంజైము 30 శాతం తగ్గితే మందు పనికి దూరంగా పెట్టాలి. ముందు అంకె లేని పరిశోధనలో ఈ మాటలేవీ చెప్పలేరు. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ ఒక్క తప్పుతోనే.

ప్లాస్మాలోని (రక్తంలో కణాలు కాని ద్రవ భాగం) ఎంజైము త్వరగా పడి, వారాల్లో లేస్తుంది. కాలేయ జబ్బు, తిండి లోపం ఉన్నా తగ్గుతుంది. ఎర్ర కణాల్లోనిది కోలుకోవడానికి మూడు నాలుగు నెలలు. వీలైతే రెండూ చూడండి. సూది గుచ్చే ముందు చెయ్యి సబ్బుతో కడిగించాలి. చర్మం మీది మందు శాంపిల్లో కలిస్తే లేని విషం కనిపిస్తుంది. శాంపిల్ ఐసులో పెట్టి, జూన్‌లో చూసిన ల్యాబుకే, అదే పద్ధతికే పంపాలి.

ఈ పరీక్షకు దొరకనివి కూడా ఉన్నాయి. కార్బమేట్ రకం పురుగుమందుల ప్రభావం గంటల్లో తిరిగిపోతుంది. పైరెత్రాయిడ్ రకం పురుగుమందులు, గడ్డి మందు పారాక్వాట్ ఇందులో కనిపించనే కనిపించవు. పారాక్వాట్‌కు విరుగుడు కూడా లేదు. కాబట్టి రైతు ఏ డబ్బా కొట్టాడో ఫొటో తీసుకోకుండా రక్తం ఒక్కటే తెస్తే అర్థం సగమే.

నీళ్ల శాంపిల్ ఎట్ల పట్టాలె?

ఫ్లోరైడ్ కోసమైతే ప్లాస్టిక్ సీసా. ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది కాబట్టి గాజు వద్దు. బోరును కొన్ని నిమిషాలు నడవనిచ్చి, సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపాలి. సూక్ష్మక్రిముల కోసమైతే వేరే సీసా, శుద్ధి చేసినది, ఐసులో పెట్టి 24 గంటల లోపు ల్యాబుకు చేర్చాలి. ఒకే సీసాతో రెండు పనులూ కావు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు లేకుంటే 1.5 దాకా. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా. వేసవి చివర, వానల తర్వాత రెండుసార్లు చూడండి. ఒకే బోరు రెండు కాలాల్లో రెండు రకాలుగా మాట్లాడుతుంది. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదని ఊళ్లో తప్పక చెప్పండి.

సికిల్ సెల్ పరీక్షల పాజిటివ్ వచ్చింది. జబ్బు ఉన్నట్టేనా?

అప్పుడే అనొద్దు. సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. ఊళ్లో చేసే సాల్యుబిలిటీ పరీక్ష సికిల్ రకం హిమోగ్లోబిన్ ఉందని మాత్రమే చెప్తుంది. అది ఒక్క అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చిన వాహక లక్షణమా, ఇద్దరి నుంచీ వచ్చిన జబ్బా అన్నది హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షే తేల్చాలి. ఆరు నెలల లోపు పిల్లలకు మొదటి పరీక్ష నమ్మకం కాదు. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నారా అని కూడా అడగాలి. వాహకులకు సాధారణంగా బాధ ఉండదు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. "మొదటి బిడ్డకు వచ్చింది కదా, తర్వాతి ముగ్గురికి రాదు" అని లెక్కేసుకుంటారు, అది తప్పు. 2023 జులై 1న మొదలైన జాతీయ కార్యక్రమం 40 ఏళ్ల లోపు వాళ్లకు ఈ పరీక్షలు చేస్తోంది. పరిశోధక బృందాలు అవే ఇళ్లలో మళ్లీ రక్తం తీయకుండా ఆ రికార్డులతో కలిసి పనిచేయాలి.

బోదకాలు పరీక్షకు రాత్రిపూటనే ఎందుకొస్తరు?

బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి, దోమ కుట్టే రాత్రివేళకు చర్మం కింది రక్తంలోకి వస్తాయి. అందుకే ఎనిమిదిన్నర తర్వాత స్లైడు తీస్తారు. పగలు కూడా పనిచేసే స్ట్రిప్ పరీక్ష ఉంది, అది పురుగు ఆనవాళ్లను పట్టుకుంటుంది.

రెండు కాలేజీల ఎక్సెల్ షీట్లు కలపబోతె పేర్లు కలుస్తలేవు

పేరుతో కలపొద్దు. ఒకే ఇంటిపేరును నలుగురు నాలుగు రకాలుగా టైపు చేస్తారు, ఒక ఊళ్లో పది మంది లక్ష్మిలు ఉంటారు. ఊరికో అంకె, ఇంటికో అంకె, మనిషికో అంకె: మూడూ కలిపి ఒక కోడ్ ఇవ్వండి. అదే కోడ్ ప్రశ్నపత్రం మీద, రక్తం ట్యూబు మీద, నీళ్ల సీసా మీద. ట్యూబు మీద మామూలు పెన్నుతో రాస్తే ఐసు నీళ్లకు చెరిగిపోతుంది, ముందే అచ్చేసిన స్టిక్కరు అంటించాలి. ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా విడిగా, తాళం కింద, ఒక్కరి దగ్గరే. తేదీలో రోజు ముందా నెల ముందా తేల్చుకోండి. జవాబు రానిదానికి ఖాళీ వదలొద్దు, సున్నా అసలే వద్దు, 999 లాంటి గుర్తు పెట్టండి. ప్రశ్నపత్రాన్ని ఫోన్లో నింపే కోబో, ఓడీకే యాప్‌లు ఉచితం, సిగ్నల్ లేని గూడెంలోనూ పనిచేస్తాయి. ప్రశ్నపత్రాల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మాత్రం ఆపండి. అవి ఒకరి ఒంటి రహస్యాలు.

## ఫలితం వచ్చాక

మందు కొట్టిండు, తలనొప్పి వచ్చింది. దానివల్లనే అనొచ్చా?

అక్టోబరు ఎండలో ఐదు గంటలు నీళ్లు తాగకుండా నడిచినా తలనొప్పి వస్తుంది. సాయంత్రం కల్లు తాగినా పొద్దున వస్తుంది. అందుకే అదే ఎండలో, అదే చేనులో మందు కొట్టకుండా పనిచేసినవాళ్లను పోలికకు పెట్టుకోవాలి. ఎన్ని పంపులు ఎక్కువ కొడితే బాధ అంత పెరిగిందా, మానేసిన నెలల్లో తగ్గిందా, రక్త పరీక్ష అదే చెప్తోందా అన్నవి చూడాలి. ఒక్కసారి చేసిన సర్వేతో "సంబంధం కనిపించింది" అనే అనాలి, "కారణం ఇదే" అనకూడదు. పత్రికల వాళ్లు అడిగినా అంతే చెప్పాలి.

మా రక్తం తీస్కపోయి ఏడాదైంది. రిపోర్టు ఏది?

ఇది అడిగే హక్కు మీకుంది. సమ్మతి పత్రం కాపీలో ఉన్న నంబరుకు ఫోను చేయండి, జవాబు రాకపోతే అదే కాగితంలో ఉన్న ఎథిక్స్ కమిటీ సభ్య కార్యదర్శికి రాయండి.

పరిశోధకులకు: హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ, బీపీ 180 దాటడం లాంటివి అక్కడికక్కడే చెప్పి, చీటీ రాసి దవాఖానకు పంపాలి. పేపరు అచ్చయ్యేదాకా ఆపడానికి ఏ కారణమూ సరిపోదు. మిగతా ఫలితాలు ఎవరివి వాళ్లకు మూసిన కవరులో, తెలుగులో, "మామూలు, గమనించాలి, డాక్టరును కలవాలి" అన్న మాటల్లో ఇవ్వాలి. చదవలేనివాళ్లకు చదివి చెప్పాలి. ఊరి మొత్తం ఫలితం గ్రామపంచాయతీ దగ్గర సాయంత్రం సభలో చెప్పాలి, ఆడవాళ్లకు సంఘం సమావేశంలో మళ్లీ చెప్పాలి. పని జరగనిది, పొరపాటైనది, శాంపిళ్లు పాడైనది ఉంటే అది కూడా చెప్పాలి.

మా ఊరి పేరు పేపర్ల పడితె పిల్లల పెండ్లిళ్లు ఆగవా?

ఆ భయం న్యాయమైనది. వంశపారంపర్య జబ్బు, క్షయ, ఆత్మహత్యలు, ఫ్లోరైడ్ పళ్లు, ఇవన్నీ ఊరికి మచ్చగా అంటుకుంటాయి. అందుకని అచ్చులో ఊరి పేరు ఉండదు, మండలం లేదా జిల్లా మాత్రమే ఉంటుంది. "నాలుగొందల జనాభా ఉన్న వాగు పక్క గూడెం" అని రాసినా చుట్టుపక్కల వాళ్లకు తెలిసిపోతుంది, అలాంటి ఆనవాళ్లూ తీసేయాలి. మొహాలున్న ఫొటోలు వద్దు. వాహక లక్షణం ఉన్న అమ్మాయి ఫలితం ఆమెకే చెప్పాలి, పెళ్లి చూపులకు వచ్చినవాళ్లు ఆశాను అడిగినా చెప్పకూడదు. అచ్చుకు పంపే ముందు ఊరి ప్రస్తావన ఉన్న భాగాన్ని పంచాయతీకి చదివి వినిపిస్తే సగం గొడవలు రావు.

ఫలితాన్ని ఎవరి చేతుల పెడితె పని కదుల్తది?

ఎవరి పరిధిలో పని ఉందో వాళ్ల చేతుల్లో. నీళ్లయితే మిషన్ భగీరథ ఇంజినీరు. మందుల వాడకమైతే మండల వ్యవసాయ అధికారి, రైతువేదికలో కూర్చునే విస్తరణ అధికారి. వైద్యమైతే జిల్లా వైద్య ఆరోగ్య అధికారి, గూడేలయితే ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి. అందరికీ కలిపి కలెక్టరుకు ఒక ప్రతి. అరవై పేజీల నివేదిక ఎవరూ విప్పరు. ఒక పేజీ ఇవ్వండి: ఏం చూశాం, ఏం తేలింది, మీ శాఖ చేయగలిగిన పని ఏది, దానికి ఎంత ఖర్చు. అడిగే పని ఒక్కటే ఉండాలి. "అవగాహన పెంచాలి" అని రాస్తే ఫైలు మూసేస్తారు. "ఈ మూడు ఆవాసాల్లో తాగడానికి బోరు బదులు భగీరథ నల్లా ఇవ్వాలి" అంటే ఎవరో ఒకరు అవునో కాదో చెప్పాల్సి వస్తుంది.

సమయం కూడా చూడాలి. పురుగుమందుల ఫలితం డిసెంబరులో ఇస్తే పత్తి అయిపోతుంది, వచ్చే వానకాలానికి మరిచిపోతారు. అదే కాగితం మే మొదటి వారంలో, విత్తనాలు కొనకముందు, రైతువేదిక సమావేశంలో పెట్టండి. చదివి వినిపించేది కాలేజీ వాళ్లు కాకుండా, ఆ పరిశోధనలో రక్తం ఇచ్చిన రైతే అయితే వెనక బెంచీల్లో ఉన్నవాళ్లు కూడా ముందుకు జరుగుతారు.